మొటిమల గుంటలకు లేజర్: వరస తప్పిన ఒక కేసు

ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో నేను చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడతారు. పర్లాకిమిడి, కాశీనగర్ వైపు నుంచీ వస్తారు, అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ వస్తారు. నా క్లినిక్‌లో లేజర్ మిషను లేదు. అవసరమైతే శ్రీకాకుళమో, విశాఖపట్నమో, బరంపురమో పంపుతాను. అందుకే లేజర్ చేయడం కన్నా, చేయించుకుని వచ్చినవాళ్లను చూడడం నాకు ఎక్కువ.

ఇక్కడ రాస్తున్న అబ్బాయి కూడా అలా వచ్చినవాడే. అతనికి అంతకుముందు జరిగిన చికిత్సల్లో చాలావరకు పుస్తకాల్లో ఉన్నవే. ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే దెబ్బతింది. అతని అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, ఉద్యోగం వివరాలు కొంత మార్చాను.

నేపథ్యం

వయసు ఇరవైల మధ్యలో. చిన్న అప్పులిచ్చే ఒక సంస్థలో వసూళ్ల పని. పొద్దున్న బైకెక్కితే సాయంత్రం దాకా కొండ ఊళ్లు తిరగడమే. తలకు హెల్మెట్, దుమ్ము పడకుండా ముఖానికి గమ్ఛా (తువ్వాలు). ఇంటర్ చదివే రోజుల నుంచి మొటిమలు ఉన్నాయి. మేనమామకు కూడా ముఖం నిండా గుంటలేనని తల్లి చెప్పింది. గుంటలు పడే రకం మొటిమలు కుటుంబాల్లో నడుస్తాయి కాబట్టి ఆ మాటను కేసు షీటులో రాసుకున్నాను.

మొదట మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్, మూడూ కలిసి ఉన్నాయి. అది మెలాస్మా లాంటి మంగుకు, కొన్ని వారాలపాటు, డాక్టరు చూస్తుండగా వాడాల్సిన మందు. ఇతను రెండేళ్లకు పైగా రోజూ రాత్రి ముఖమంతా రాశాడు. ఎందుకు మానలేదంటే, రాసినన్నాళ్లూ బాగుండేది. స్టెరాయిడ్ వాపును అణుస్తుంది, రక్తనాళాలు ముడుచుకునేలా చేస్తుంది. మొదటి వారాల్లో ముఖం తేటగా, తెల్లగా కనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి తేలి, ఒకే సైజు పొక్కులు మొదలవుతాయి. మానితే మూడో రోజుకే మంట, ఎరుపు. దాంతో మళ్లీ రాస్తారు. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధనలు బిగించింది. అయినా ఈ వైపు షాపుల్లో అవి పౌడరు డబ్బాల పక్కనే ఉంటాయి.

తర్వాత ఒక నగరంలోని క్లినిక్‌లో ఫ్రాక్షనల్ సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) లేజర్ ప్యాకేజీ తీసుకున్నాడు. మొత్తం ఆరు సిట్టింగులు, డబ్బు ముందే వాయిదాల మీద కట్టాడు. రెండు సిట్టింగులు అయ్యాయి. రెండోది ఏప్రిల్‌లో. ఆ తర్వాత మూడో రోజుకే బైకెక్కి డ్యూటీకి వెళ్లాడు. స్టెరాయిడ్ ట్యూబు సంగతి అక్కడ ఎవరూ అడగలేదట, ఇతను కూడా చెప్పలేదు. లేజర్ తర్వాత నల్లబడిందని ఆన్‌లైన్‌లో నీలం, ఎరుపు లైటు వచ్చే ఎల్‌ఈడీ మాస్కు కొని రోజూ పెట్టుకుంటున్నాడు.

ఏం సమస్యతో వచ్చాడు

మాట్లాడింది తల్లి. "మచ్చలు పోతాయన్నారు బాబూ. ఉన్నవి పోలేదు సరికదా, కొత్తవి వొచ్చినాయి." అతను పక్కన కూర్చుని, గమ్ఛా తీయకుండానే విన్నాడు.

ముఖం కడిగించి చూస్తే మూడు వేర్వేరు సమస్యలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మొదటిది, మొటిమలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నుదుటి మీద వైట్‌హెడ్స్, చెంపల మీద ఎర్రటి గట్టి గడ్డలు, దవడ పొడవునా హెల్మెట్ పట్టీ తగిలే చోట ఒక వరస. రెండోది, రంగు. రెండు చెంపల మీదా సమాన దూరంలో గోధుమరంగు చుక్కలు, వరసలు వరసలుగా. లేజర్ మిషను మూతి (హ్యాండ్‌పీస్) పెట్టిన చదరాల అంచులు కూడా తెలుస్తున్నాయి. మూడోది, లోతు. అంటే అసలు గుంటలు.

గుంటలను ఎదురుగా ట్యూబులైటు వెలుగులో చూస్తే తక్కువగా కనిపిస్తాయి. నేను గది లైటు ఆపి, పక్క నుంచి టార్చి వేసి చూస్తాను, తర్వాత చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీసి చూస్తాను. ఇతనికి కింది చెంపల మీద వెడల్పాటి, అంచులు తెలియని గుంటలు ఎక్కువ. ఇంగ్లీషులో వీటిని రోలింగ్ స్కార్స్ అంటారు. సాగదీస్తే చదునవుతున్నాయి, కానీ నవ్వినప్పుడు ఇంకా లోపలికి పోతున్నాయి. బొంతకు కుట్టు వేసిన చోట గుడ్డ లోపలికి దిగినట్టు, కింద ఉన్న నార పోగులు చర్మాన్ని పట్టి లాగుతున్నాయన్నమాట. ముక్కు పక్కన సన్నగా లోతుగా దిగిన ఐస్‌పిక్ గుంటలు కొన్ని. కణతల దగ్గర నిటారు అంచులున్న, లోతు తక్కువ బాక్స్‌కార్ గుంటలు. గుంటల తీవ్రతను ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కించే గుడ్‌మన్, బేరన్ గ్రేడింగులో మూడో గ్రేడు. ఛాతీ, భుజాలు కూడా చూశాను. కెలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే గట్టి మచ్చ) లేదు. అది ఉంటే ఈ కేసు దారే వేరు.

మొదటి నిర్ణయం: లేజర్ ఆపడం

తల్లీకొడుకులు వచ్చింది ఇంకా మంచి లేజర్ ఎక్కడ ఉందో అడగడానికి. ముందు లేజర్ ఆపమంటే వాళ్లకు మింగుడు పడలేదు.

"మిగిలిన సిట్టింగులకి డబ్బులు కట్టీసినాను సార్. అవి కూడా అయితే పోతాయేమో కదా?"

"డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ఈ చర్మం మీద ఇప్పుడు ఇంకోటి వేస్తే ఆ చుక్కలు ఇంకా నల్లబడతాయి."

ఎందుకలా అన్నానో కొంచెం వివరంగా రాస్తాను. ఫ్రాక్షనల్ పద్ధతి 2004లో వచ్చింది. ముఖమంతా ఒకేసారి కాల్చకుండా, కంటికి కనిపించనంత సన్నటి నిలువు గాయాలు వేస్తూ, మధ్యలో ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని వదిలేస్తారు. ఆ వదిలిన భాగం నుంచే గాయం త్వరగా మానుతుంది. మానే క్రమంలో చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ కొత్తగా తయారవుతుంది. సీఓటూ లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం 10,600 నానోమీటర్లు. దాన్ని పీల్చుకునేది చర్మంలోని నీరు, రంగు కాదు. ఈ ఒక్క మాట పట్టుకుని 'నల్ల చర్మానికీ ఫర్వాలేదు' అనేవాళ్లున్నారు. రంగును నేరుగా కాల్చకపోయినా వేడి, వాపు రెండూ రంగు కణాలను రెచ్చగొడతాయి. చర్మాన్ని తెలుపు నుంచి నలుపు దాకా ఆరు రకాలుగా చూసే ఫిట్జ్‌పాట్రిక్ లెక్కలో మన చర్మం ఎక్కువగా నాలుగు, అయిదు రకాలు. గాయమైతే నల్లబడడం దాని స్వభావం. అందులో కూడా ఒక్కో చుక్క ఎంత లోతుకు దిగిందన్న దానికన్నా, చదరపు సెంటీమీటరుకు ఎన్ని చుక్కలు పడ్డాయన్నది ముఖ్యం. చుక్కలు దగ్గరగా పడితే మధ్యలో వదిలిన చర్మం కూడా వేడెక్కుతుంది. దానికి తోడు ఇక్కడ స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం, ఏప్రిల్ ఎండ, బైకు.

ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి ఎంత శక్తి, ఎంత డెన్సిటీ (చుక్కలు ఎంత దగ్గరగా), ఎన్ని పాసులు (ఒకే చోట ఎన్నిసార్లు) వాడారో అడిగాను. బిల్లు తప్ప రికార్డు దొరకలేదు. మిగిలిన సిట్టింగులు వాయిదా వేయమంటే మాత్రం మర్యాదగానే ఒప్పుకున్నారు. డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. ఆ వాయిదా మాటను మెసేజ్‌గా పంపించుకోమని అబ్బాయికి చెప్పాను. ఆ మెసేజ్ వచ్చాకే అతని ముఖంలో టెన్షన్ తగ్గింది. డబ్బు పోతుందన్న భయంతోనే వెంటనే మూడో సిట్టింగుకు వెళ్లిపోయేవాడు.

ఇంకో కారణం కూడా ఉంది. కొత్త గడ్డ లేచిన ప్రతిసారీ కొత్త గుంటకు అవకాశం ఉంటుంది. మొటిమలు ఆగకుండా గుంటలకు చికిత్స మొదలుపెడితే ఆ పనికి అంతుండదు.

లైటు మాస్కు సంగతి

అబద్ధపు వస్తువు అని దాన్ని తీసిపారేయలేం. మొటిమల్లో ఉండే క్యూటిబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి పోర్ఫిరిన్లు తయారు చేస్తుంది. 415 నానోమీటర్ల దగ్గరి నీలం కాంతిని అవి పీల్చుకుని, ఆ జీవినే దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి. ఎరుపు కాంతి ఇంకొంచెం లోతుకు వెళ్లి వాపు మీద పనిచేస్తుంది. చిన్న ఎర్ర మొటిమలకు కొంత ఉపయోగం ఉంటుంది, మానేస్తే మళ్లీ వస్తాయి. వైట్‌హెడ్స్ మీద పెద్దగా పనిచేయదు. గుంటల మీద అసలు పనిచేయదు.

ఇతని విషయంలో నన్ను ఆపింది వేరే సంగతి. అదే నీలం, ఊదా కాంతి ముదురు రంగు చర్మాన్ని నల్లబరుస్తుంది, ఆ నలుపు వారాల తరబడి ఉంటుంది. నల్ల మచ్చలు పోవాలని రోజూ నల్లబరిచే కాంతి పెట్టుకుంటున్నాడు. మాస్కు పక్కన పెట్టించాను. నూనె గ్రంథుల మీదే పనిచేసే 1726 నానోమీటర్ల కొత్త లేజర్ గురించి కూడా అతను వీడియోలు చూశాడు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చిన చికిత్స అది. అన్ని రంగుల చర్మానికీ వాడొచ్చని దానికి పేరు. కానీ అప్పటికే అప్పు చేసి లేజర్ చేయించుకున్న మనిషికి, ఇంట్లో వేసుకునే మాత్రతో అయ్యే పనికి ఇంకో ఖరీదైన మిషను చూపించడం నాకు ఇష్టం లేదు.

ట్యూబు మాన్పించడం, మొదట్లో పనిచేయనివి

స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మాన్పించాలా, మెల్లగా దించాలా అన్నదానిలో మా వృత్తిలో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. నేను మెల్లగా దించడం ఎంచుకున్నాను. తేలిక రకం స్టెరాయిడ్ అయిన హైడ్రోకార్టిసోన్‌కు మార్చి, రోజు విడిచి రోజు చేసి, తర్వాత స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత మీద నిలిపాను. ఇది పూర్తిగా శాస్త్రం చెప్పిన నిర్ణయం కాదు, మనిషిని చూసి తీసుకున్నది. రోజూ పదిమంది ముందు నిలబడి డబ్బు అడగాల్సిన ఉద్యోగం. ముఖం ఒక్కసారిగా మండి ఉబ్బితే అతను నా దగ్గరకు రాడు, మెడికల్ షాపుకు వెళ్తాడు.

దాంతో పాటు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర ఇచ్చాను. ఎండలో తిరిగేవాడికి అది ఇచ్చేముందు ఆలోచించాలి, ఎండకు చర్మం త్వరగా కమిలే గుణం ఆ మందుకు ఉంది. రాత్రి భోజనం అయ్యాక, గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోవద్దన్నాను. మొటిమలకు రాసే అడాపలీన్ వారానికి రెండు రాత్రులతో మొదలుపెడితే అదీ తట్టుకోలేకపోయాడు. పలచబడిన చర్మం మీద మంట. ఆపేశాను.

డాక్సీసైక్లిన్‌తో పైపై పొక్కులు తగ్గాయి. చెంపల మీద గట్టి గడ్డలు మాత్రం లేస్తూనే ఉన్నాయి. మొటిమలకు యాంటీబయాటిక్ మాత్రలను మూడు నాలుగు నెలలకు మించి సాగదీయకూడదు. సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడిపోతాయి. అప్పుడు నూనె గ్రంథులను తగ్గించే ఐసోట్రెటినోయిన్ మాత్రకు మార్చాలని నిర్ణయించాను. గుంటలు పడుతున్న మొటిమలకు ఇంకా ఆలస్యం చేస్తే, తగ్గించాల్సిన గుంటల లెక్కే పెరుగుతుంది.

ఆ పేరు చెప్పగానే తల్లి అడిగిన ప్రశ్న ఈ ప్రాంతంలో నాకు తరచూ వినబడేదే. "ఆ మాత్రలేసుకుంటే పిల్లలు పుట్టరంట కదా బాబూ?" ఆ మందు గర్భంలో ఉన్న బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది, అందుకే ఆడవాళ్లకు ఇచ్చేటప్పుడు గర్భం రాకుండా కచ్చితమైన జాగ్రత్తలు ఉంటాయి. మగవాడు వేసుకుంటే పిల్లలు పుట్టకపోవడం అంటూ ఏమీ లేదు. అయితే ఇంట్లో చెల్లెలికి మొటిమలు వచ్చాయని ఈ స్ట్రిప్పులోంచి ఒక మాత్ర కూడా ఇవ్వకూడదు. మందు వాడుతున్నన్నాళ్లూ, ఆపాక ఇంకో నెలా రక్తదానం చేయకూడదు. ఈ రెండూ చీటీ మీద తెలుగులో రాసి, కింద గీత గీసి ఇచ్చాను.

లివర్ పరీక్షలు, కొవ్వు పరీక్షలు చేయించి 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాను. పెద్ద డోసుతో మొదలుపెడితే తొలి వారాల్లో మొటిమలు ఒక్కసారిగా ఎగసిపడే ప్రమాదం ఉంది, గడ్డలున్నవాళ్లలో మరీను. ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగ్గా ఒంటపట్టదు, అందుకని భోజనంతోనే వేసుకోమన్నాను. పెదాలు పగలడం ఎలాగూ తప్పదు, జేబులో వ్యాజిలిన్ పెట్టుకున్నాడు.

దవడ మీది వరస గురించి మాత్రం మందుల కన్నా హెల్మెటే ఎక్కువ చెప్పింది. లోపలి స్పాంజి చెమటతో గట్టిపడిపోయింది, పట్టీ గరుకుగా ఉంది. స్పాంజి మార్పించి, పట్టీకి మెత్తటి గుడ్డ తొడిగించి, గరుకు గమ్ఛా బదులు పాత నూలు పంచె ముక్క కట్టుకోమన్నాను. కొన్ని వారాల్లోనే ఆ వరస పలచబడింది.

రంగు: చేయకూడదనుకున్న పని

మొటిమలు సద్దుమణుగుతున్న సమయంలో ఆ నగరం క్లినిక్ వాళ్లే ఒక మాట చెప్పారు. మిగిలిన సీఓటూ సిట్టింగుల బదులు 'లేజర్ టోనింగ్' చేస్తామని, అంటే క్యూ స్విచ్డ్ ఎన్‌డీ యాగ్ లేజర్‌తో తక్కువ శక్తిలో వారం వారం రంగును చెదరగొడతామని. అబ్బాయికి ఆశ పుట్టింది. నేను వద్దన్నాను. మాటిమాటికీ చేసే టోనింగ్‌తో ముదురు రంగు చర్మం మీద తెల్లటి చుక్కలు పడతాయి. నల్ల చుక్క కాలంతో పోతుంది, తెల్ల చుక్కను వెనక్కు తేవడం చాలా కష్టం. గాయం వల్ల వచ్చిన నలుపు, కొత్త గాయం లేకపోతే, ఎండ తగలకపోతే, నెలల్లో దానంతటదే తగ్గుతుంది.

కాబట్టి చేసింది చాలా మామూలు పని. నలుపు తగ్గించే ఎజిలాయిక్ యాసిడ్ పూత, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. మామూలు సన్‌స్క్రీన్ కంటికి కనిపించే కాంతిని ఆపలేదు, ఐరన్ ఆక్సైడ్ చాలావరకు ఆపుతుంది. మగవాడు ముఖానికి రంగు రాసుకోవడమేమిటని ఇంట్లో నవ్వారట. పొద్దున్న రెండు వేళ్ల పొడవునా తీసి రాసుకోవడం, మధ్యాహ్నం భోజనం దగ్గర ముఖం కడుక్కుని మళ్లీ రాసుకోవడం. ఈ రెండోది అతను వారంలో సగం రోజులు మర్చిపోయేవాడు. అయినా చలికాలం వచ్చేసరికి చదరాల అంచులు చెరిగిపోయాయి.

గుంటలు: దేనికి ఏది

ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవాళ్లకు ఏ ప్రొసీజరూ చేయకూడదని, ఆపాక కనీసం ఆరు నెలలు ఆగాలని మేము చదువుకున్నప్పుడు చెప్పేవారు. 1980లలో చర్మాన్ని అరగదీసే డెర్మాబ్రేషన్ తర్వాత కొందరికి వికారమైన మచ్చలు రావడంతో పుట్టిన నియమం అది. 2017లో అమెరికాలోనూ, మన దేశంలో అసోసియేషన్ ఆఫ్ క్యుటేనియస్ సర్జన్స్ తరఫునా నిపుణులు ఆధారాలన్నీ మళ్లీ చూశారు. ముఖమంతా అరగదీయడం, పూర్తిగా కాల్చే లేజర్లు తప్ప, చాలా ప్రొసీజర్లకు అంతకాలం ఆగనక్కర్లేదని తేల్చారు. అందుకే మాత్రలు నడుస్తుండగానే సబ్‌సిజన్ మొదలుపెట్టాను. రంగు ఇంకా కుదురుకోలేదు కాబట్టి పైచర్మాన్ని కాల్చే పనులు మాత్రం వెనక్కు జరిపాను. సబ్‌సిజన్‌లో పని అంతా చర్మం కిందే.

ఇతని ముఖంలో ఎక్కువ భాగం కిందికి లాగబడిన గుంటలే. పైనుంచి లేజర్ ఎన్ని చుక్కలు వేసినా కింద పట్టి ఉన్న పోగు తెగదు. మొదటి రెండు సిట్టింగులకు ఫలితం కనిపించకపోవడానికి ఇదే అసలు కారణమని నా అభిప్రాయం. సబ్‌సిజన్ అంటే ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తుమందు ఎక్కించి, సూదిని చర్మం కిందికి పోనిచ్చి ఆ పోగులను తెంపడం. 1995లో ఓరెంట్రైక్‌లు దీని గురించి రాశారు, ఖరీదైన మిషనుతో పనిలేదు. దవడ అంచు దగ్గర మాత్రం పదును సూది వాడలేదు, మొద్దు కొన ఉన్న గొట్టం లాంటి సూది (కాన్యులా) తీసుకున్నాను. కింది పెదవిని కదిలించే సన్నటి నరం, ముఖ ధమని రెండూ ఆ చోటే దవడ ఎముక మీదుగా పోతాయి. కణతల దగ్గర కూడా నరం భయం ఉంది, అక్కడి గుంటలకు పోగుల బాధ లేదు కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

చెంపలు కమిలి ఉబ్బుతాయని, వారం పది రోజులు డ్యూటీకి వెళ్లలేడని ముందే చెప్పి, పండగ సెలవులు చూసుకుని పెట్టుకున్నాం. మొదటిసారి పైకి లేచిన గుంటల్లో కొన్ని, ఎడమ చెంప మీద ముఖ్యంగా, నెల తిరిగేసరికి మళ్లీ దిగిపోయాయి. పోగులు మళ్లీ అతుక్కోవడం సబ్‌సిజన్‌లో మామూలే. అదే చోట మళ్లీ చేసి, ఈసారి పైనుంచి మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో చర్మాన్ని గుచ్చడం) కలిపాను. ఆ తర్వాత నిలబడ్డాయి. పక్క నుంచి టార్చి వేసి తీసిన ఫొటోల్లో కింది చెంపల నీడ సగానికి పైగా తగ్గింది.

ఐస్‌పిక్ గుంటలకు టీసీఏ క్రాస్. గాఢమైన ట్రైక్లోరో ఎసిటిక్ యాసిడ్‌ను పుల్ల మొనతో గుంట అడుగుకు మాత్రమే తాకిస్తే తెల్లగా పొంగి, పెచ్చు కట్టి, అడుగు నుంచి పూడుకుంటూ వస్తుంది. 65 శాతం నుంచి 100 శాతం దాకా వాడతారు. నేను ఇతని రంగు చూసి తక్కువ వైపే ఉన్నాను. అంచుకు తగిలితే గుంట ఇంకా వెడల్పవుతుంది. తొందరపడకూడని పని ఇది. కొన్ని పూడాయి, కొన్ని అలాగే ఉన్నాయి.

లేజర్ మళ్లీ

మొటిమలు లేవు, రంగు కుదుటపడింది, చర్మం కింది పోగులు తెగాయి. ఇక మిగిలినవి కణతల దగ్గరి బాక్స్‌కార్ గుంటలు, చెంపల మీద గరుకుదనం. ఫ్రాక్షనల్ లేజర్ బాగా పనికొచ్చేది వీటికే. డబ్బు కట్టిన సిట్టింగులు అదే క్లినిక్‌లో ఉన్నాయి. వేరే చోటికి పంపాలా, అక్కడికే పంపాలా అని ఆలోచించాను. మిషను మంచిదే. వాళ్లు కూడా మా ఉత్తరం ప్రకారం చేయడానికి ఒప్పుకున్నారు. అక్కడికే పంపాను.

ఉత్తరంలో ఏం రాశానంటే: ముఖమంతా వద్దు, గీసి పంపిన చోట్ల మాత్రమే. తక్కువ డెన్సిటీ, ఒక్క పాసు. ముందు చెవి ముందర గోరంత చోట పరీక్ష. వాడిన ప్రతి అంకె కాగితం మీద రాసి పంపాలి. నలుపు సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో బయటపడుతుంది కాబట్టి, పరీక్ష చేసిన చోటును ఆరు వారాలు దాటేదాకా చూశాం. నలుపు రాలేదు. జ్వరం వచ్చినప్పుడు పెదవి మీద నీటి పొక్కులు లేస్తాయా అని అడిగితే లేస్తాయన్నాడు. అది హెర్పిస్. లేజర్ గాయాల మీద ముఖమంతా పాకే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ముందు రోజు నుంచే ఎసైక్లోవిర్ వేయించాను. సిట్టింగు చలికాలంలోనే పెట్టించాం. మేనేజరును బతిమాలి ఆ పది రోజులూ ఆఫీసులో లెక్కల పని వేయించుకున్నాడు.

కొత్త కొలాజెన్ తయారవడానికి నెలలు పడుతుంది కాబట్టి ఫలితాన్ని మూడు నెలల తర్వాతే చూశాం. కణతల దగ్గర అంచులు మెత్తబడ్డాయి, చెంపల గరుకు తగ్గింది, చుక్కల నలుపు లేదు. గ్రేడు మూడు నుంచి రెండుకు వచ్చింది. అంటే బారెడు దూరం నుంచి చూస్తే గుంటలు పెద్దగా తెలియవు, దగ్గరికి వస్తే, పక్క వెలుగులో, తెలుస్తాయి. ముక్కు పక్కన ఐస్‌పిక్‌లు కొన్ని ఎప్పటికీ ఉండిపోతాయని చెప్పాను. "మరేటి పర్లేదు సార్" అన్నాడు. ఇప్పుడు రాత్రిపూట అడాపలీన్ తట్టుకుంటున్నాడు, అదే కొనసాగుతోంది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

ముఖానికి ఏం రాస్తున్నావని అడిగితే 'ఏమీ లేదు' అంటారు. ట్యూబు, సబ్బు, పౌడరు, అన్నీ సంచీలో వేసుకుని రమ్మంటే స్టెరాయిడ్ బయటపడుతుంది. ఇప్పుడు మొదటిసారి ఫోన్ చేసినప్పుడే ఈ మాట చెప్పిస్తున్నాను.

ప్యాకేజీ కట్టేముందు మూడు ప్రశ్నలు అడగమని చెబుతున్నాను. నాకు ఏ రకం గుంటలు ఎక్కువ, వాటిలో ఈ మిషను దేనికి పనిచేస్తుంది, వాడిన సెట్టింగులు రాసిస్తారా. మూడోదానికి జవాబు దొరకకపోతే డబ్బు కట్టవద్దంటాను. రెండో డాక్టరు చేతికి ఆ అంకెలు లేకుండా వస్తే, ఏది తప్పిందో ఊహించుకోవడమే అవుతుంది. మరొకటి, సిట్టింగుల తేదీలను మిషను ఖాళీని బట్టి కాదు, మనిషి పనిని బట్టి పెట్టాలి. ఎండలో బతికేవాడికి ఏప్రిల్ సిట్టింగు వేస్తే సన్‌స్క్రీన్ చీటీ ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు.

సిట్టింగులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. ఇక చేయించుకోనని అబ్బాయి అంటున్నాడు, నేనూ ఒత్తిడి చేయలేదు. కిందటిసారి తల్లి కూతుర్ని కూడా వెంట తెచ్చింది. డబ్బు ఎలాగూ కట్టేశాం కదా బాబూ, మిగిలినవి దీనికి వేయించమంటారా అని అడిగింది. ఆ అమ్మాయికి ఉన్నది నుదుటి మీద నాలుగు వైట్‌హెడ్స్. ముందు ముఖానికి రాసే ట్యూబులన్నీ తెచ్చి చూపించమన్నాను.